కాకెంగిలి

మాచర్ల నుంచి పిడుగురాళ్ళ పోయే పల్లెవెలుగు బస్సులో, రెంటచింతల దగ్గర ఎక్కే బడిపిల్లల సంచులన్నీ కండక్టర్ కృపామణి చేతుల మీదుగానే వెళ్ళాలి. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమైన దగ్గర్నుంచీ బస్సులో కాలు మోపే సందు లేదు. పిల్లలు వీపున సంచులు వేసుకొని నిలబడితే ఇంకో నలుగురు పట్టే చోటు పోతుంది. అందుకని వాళ్ళు మెట్టు మీద కాలు పెట్టగానే ఆవిడ కేక వినపడుతుంది.

"సంచులు ఇటియ్యండే! వీపున ఇంకో మనిషిని మోసుకొచ్చినట్టు ఎక్కుతారేంది?"

సంచులు చేతులు మారి ముందుకు పోతాయి. డ్రైవరు పక్కనున్న బానెట్ మీద గుట్టగా పడతాయి. "ఇది బస్సా, మార్కెట్ యార్డా అమ్మాయ్? మిరపకాయల టిక్కీలు పేర్చినట్టు పేరుస్తన్నావు" అని డ్రైవరు ముబారక్ రోజూ అదే జోకు వేస్తాడు. రోజూ కొత్తగా విన్నట్టే ఆవిడ నవ్వుతుంది. గురజాలలో పిల్లలు దిగేటప్పుడు ఎవరి సంచి వాళ్ళకి అందిస్తుంది. సాయంత్రం మళ్ళీ అదే తంతు.

పదో తరగతి చదివే జాహ్నవి క్యారేజీ సంచి సాయంత్రం పూట కూడా బరువుగా ఉంటోందని కృపామణికి తెలిసింది అట్లాగే. పొద్దున ఎంత బరువో సాయంత్రమూ అంతే. మొదటిసారి ఏదో అనుకుంది. తర్వాత రోజు కావాలనే ఎత్తి చూసింది. ఆ తర్వాత రోజు కూడా చూసింది.

ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. జాహ్నవి అంతకు ముందు వెనక సీటు గుంపులో ఉండేది. ఏంజెల్ అనే పిల్ల ఆ గుంపుకి నాయకురాలు. పాట మొదలుపెట్టేది ఆమే, కండక్టరు నడకని అనుకరించి నవ్వించేది ఆమే. ఇప్పుడు ఆ నవ్వులు వెనకాలే ఉన్నాయి, జాహ్నవి మాత్రం ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని నిలబడుతోంది. వెనక నవ్వు వినపడిన ప్రతిసారీ ఆ పిల్ల మెడ కొంచెం లోపలికి ముడుచుకుంటుంది, నెత్తిన వానచినుకు పడ్డట్టు.

"ఆ పిల్ల అన్నం తింటం లేదు ముబారక్ అన్నా" అంది కృపామణి ఒక సాయంత్రం, రెంటచింతలలో పిల్లలు దిగిపోయాక.

"కార్తీకమాసం గదమ్మా. కోమట్ల పిల్ల. ఉపవాసం ఉంటదేమోలే."

"ఉపవాసం ఉండే పిల్లకి ఇంట్లో క్యారేజీ ఎందుకు కడతారు?"

"అదీ నిజమే. అయితే ఏదో మొక్కు."

ముబారక్ ఆ మాట మామూలుగానే అన్నాడు. కృపామణి చేతిలో టికెట్ మిషన్ మాత్రం ఆగిపోయింది. సరిగ్గా ఈ మాటే, ఇరవై ఏళ్ళ కిందట, తనూ అనుకుంది. ఒక స్నేహితురాలు అన్నం మానేస్తే ఉపవాసం అనుకుంది. అనుకొని ఊరుకోలేదు, చానా మురిసిపోయింది కూడా.

*

కృపామణి నాన్న రాజారత్నం నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. గురజాలకి కాస్త ఎడంగా ఉన్న ఊళ్ళో, ఊరికి ఆవలి పేటలో వాళ్ళ ఇల్లు. పేటలో అందరిదీ ఒకటే చర్చి. కృపామణి, ఆమె ఈడుదే సువార్త, ఇద్దరూ గురజాల హైస్కూలుకి బస్సులో వచ్చేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు పిల్లలందర్నీ ఎత్తు ప్రకారం కూర్చోబెట్టాడు. పొడుగుకాళ్ళ పిల్లలు వెనక బెంచీకి పోవాలన్నాడు. ఆ బెంచీ మీదే వాళ్ళిద్దరి పక్కనా వచ్చి పడింది హిమజ. గురజాలలోనే పెద్ద కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. ఆ సారు ఎత్తు చూడకుండా మార్కులు చూసి ఉంటే, లేకపోతే వాళ్ళూ వాళ్ళూ కూర్చోండి అని వదిలేసి ఉంటే, ఈ కథే లేదు.

వెనక బెంచీకి ఒక లోకం ఉంటుంది. సారు మీసం మీద కట్టిన పాటలు, పరికిణీ నుంచి చుడీదార్‌కి మారిన కొత్తలో చున్నీ నిలవక పడే పాట్లు, మొటిమలకి పసుపు మంచిదా సున్నిపిండి మంచిదా అనే తగవులు. హిమజకి నెలసరి మొదటిసారి బడిలోనే వచ్చింది. భయపడి ఏడుస్తుంటే సువార్త తన చున్నీ విప్పి నడుముకి కట్టింది, కృపామణి వెనకే గోడలాగా నడిచి ఇంటి వీధి దాకా దిగబెట్టి వచ్చింది. ఆ వయసులో అమ్మకి చెప్పలేనివి చానా ఉంటాయి. పక్కన కూర్చున్నదానికి చెప్పనవసరమే ఉండదు, దానికి తెలిసిపోతుంది.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచేవాళ్ళు. కృపామణి డబ్బాలో జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. హిమజ డబ్బాలో పులిహోరో, పప్పూ నెయ్యో. ఒకరోజు హిమజ చెయ్యి చాచి గోంగూర నంజుకుంది. ఆ తర్వాత రోజూ నంజుకుంది. "మా అమ్మ పచ్చడికి మీ కొట్టు మొత్తం రాసిచ్చినా సరిపోదే" అనేది కృపామణి. "రాసిస్తాలే, అప్పులన్నీ కూడా నువ్వే వసూలు చేసుకో" అనేది హిమజ.

హిమజకి ఇంకో గుంపు ఉండేది. ఆమె వీధిలోనే ఉండే కొట్ల వాళ్ళ పిల్లలు, ట్యూషన్‌కి కలిసి వెళ్ళేవాళ్ళు. ఈ గోంగూర సంగతి ఆ పిల్లల నోటిమీదుగా హిమజ నాయనమ్మ నాగేంద్రమ్మకి చేరింది. ఆ ముసలావిడ పిల్లని కొట్టలేదు, తిట్టలేదు. "ఆ డబ్బాలో తిన్న నోటితో దేవుడి గదిలోకి రామాక" అంది, అంతే. మర్నాటి నుంచి ట్యూషన్‌లో పిల్లలు కూడా బెంచీ మీద ఒక మనిషంత చోటు వదిలి జరిగి కూర్చున్నారు.

అదే నెలలో సోషల్ సారు బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెప్పాడు. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన నేల మనదని రొమ్ము విరుచుకొని చెప్పాడు. పిల్లలంతా శ్రద్ధగా రాసుకున్నారు, పరీక్షలో వస్తుందని. ఇంటికెళ్ళి ఎవరి చాప వాళ్ళు పరుచుకున్నారు.

ఈ దేవుడి గది మాట, ట్యూషన్ బెంచీ మాట కృపామణికీ సువార్తకీ తెలియవు. హిమజ చెప్పలేదు. వాళ్ళకి కనపడింది ఒకటే. హిమజ డబ్బా తెరవటం మానేసింది. అడిగితే "నాకొద్దు" అంటుంది. మాట తగ్గింది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది.

అవి శ్రమల దినాలు. ఈస్టర్‌కి ముందు చర్చి వాళ్ళు ఉపవాసాలు ఉండే రోజులు. కృపామణి, సువార్త కూడా మధ్యాహ్నం మానేసి, ఒంటిపూట బడి అయ్యాక బస్సు కోసం వరండాలో ఎదురుచూస్తూ, ప్రార్థన చేసుకొని ఎప్పుడో తినేవాళ్ళు. హిమజ ఇల్లు నాలుగు అడుగుల దూరం. అయినా ఇంటికి పోకుండా వాళ్ళ పక్కనే, డబ్బా మూత తియ్యకుండా కూర్చునేది.

సువార్తకి హఠాత్తుగా వెలిగింది. "ఒసేయ్, ఇది మనతో పాటు ఉపవాసం ఉంటందే!" అని కృపామణి చెవిలో గుసగుసలాడింది.

"నిజమేనంటావా?"

"మరి? చూడు, మనం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ డబ్బా ముట్టదు. అడిగితే చెప్పదు. వాళ్ళింట్లో తెలిస్తే ఊరుకుంటారా?"

ఆ పొంగు ఎంతటిదో ఆ వయసు దాటినవాళ్ళకి గుర్తుండకపోవచ్చు. మనకోసం ఒకతె కడుపు మాడ్చుకుంటోంది! కృపామణికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు, ఈ గుట్టు బయటికి పొక్కనివ్వకూడదని. డబ్బా నిండుగా ఇంటికి పోతే నాగేంద్రమ్మకి అనుమానం వస్తుందని, హిమజ అడగకపోయినా ఆ అన్నం తీసి బడి గోడ మీద పెట్టేవాళ్ళు. కాకులకి అలవాటైపోయింది. ఒంటిపూట గంట కొట్టగానే గోడ మీద బారుతీరి కూర్చునేవి. ఖాళీ డబ్బా కడిగి హిమజ చేతికిచ్చేవాళ్ళు. హిమజ తీసుకొని ఏమీ అనేది కాదు. వాళ్ళని చూసి చిన్నగా నవ్వేది. ఆ నవ్వులో భక్తి ఉందనుకున్నారు పిచ్చి పిల్లలు.

కొట్టు నిండా బస్తాలున్న ఇంట్లో పిల్ల ఎండిపోతోంది. ఇంట్లో వాళ్ళకి డబ్బా ఖాళీగా కనపడుతోంది. రాత్రి అన్నం దగ్గర "కడుపులో నొప్పి" అంటే తాయెత్తు కట్టారు, వాము నీళ్ళు పట్టారు. క్లాసు టీచరు మార్కులు తగ్గాయని నిలబెట్టింది. పద్నాలుగేళ్ళ పిల్లకి బెంగ ఉంటుందనీ, దానికి ఒక కారణం ఉంటుందనీ ఒక్క పెద్ద బుర్రకీ తట్టలేదు. ఇవాళ మాత్రం ఎన్ని బుర్రలకి తడుతోంది?

ఈస్టర్ అయిన మర్నాడు సోమవారం. కృపామణి చర్చి వెనక చెట్టు నుంచి పుల్ల మామిడికాయ కోసుకొచ్చింది. సువార్త డబ్బా నిండా అరిసెలు తెచ్చింది. ముగ్గురూ వరండాలో కూర్చున్నారు.

"ఇంక తినవే. అయిపోయింది గదా" అంది సువార్త, అరిసె చేతిలో పెడుతూ.

"ఏందయిపోయింది?"

"శ్రమల దినాలు. నిన్న ఈస్టర్."

"ఈస్టర్ అయితే నాకేంది?" అంది హిమజ, నిజంగానే అర్థం కాక.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గోడ మీద కాకులు ఎదురుచూస్తున్నాయి. సువార్త ముందు ఏడ్చింది. ఎందుకేడుస్తుందో హిమజకి తెలియలేదు. అడిగి, అడిగి, కృపామణి హిమజ భుజం పట్టుకొని కుదిపితే అప్పుడు వచ్చింది మాట. దేవుడి గది మాట చెప్పింది. ట్యూషన్ బెంచీ మాట చెప్పింది.

"తింటే నాయనమ్మ మొహం గుర్తొస్తదే. తినకపోతే ఏం గుర్తురాదు. ఖాళీగా ఉంటది. అదే బాగుంది."

"మాకెందుకు చెప్పలా?"

"చెప్తే మీరూ పోతారుగా."

కృపామణికి జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ దాచదు. తమ డబ్బా ముడితే దేవుడు మైలపడతాడట! చేతిలో మామిడికాయ ఉంది. చున్నీ చెంగు దాని మీద కప్పి, గుడ్డ పైనుంచి కసుక్కున కొరికింది. ముక్క ఊడింది. పిల్లలు ఎంగిలి అంటకుండా పంచుకునే పద్ధతి అది. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే కాకెంగిలి, దానికి దోషం లేదని ఎవరు పెట్టారో ఆ ధర్మశాస్త్రం, ప్రతి బడిలోనూ నడిచేది.

"ఇంద. కాకెంగిలి. నా నోరు తగల్లా. మీ దేవుడి గదికి ఏం కాదులే" అని ముక్క ముందుకు తోసింది.

హిమజ ఆ ముక్క తీసుకోలేదు. కృపామణి రెండో చేతిలో ఉన్న కాయ లాక్కుంది. మీద కప్పిన చున్నీ తీసి పక్కకి విసిరింది. "నువ్వు కొరుకు ముందు" అని కాయ కృపామణి నోటి దగ్గర పెట్టింది. కృపామణి బిత్తరపోయి, గుడ్డ లేకుండా కొరికింది. హిమజ అదే పంటిగాటు మీద తన పళ్ళు దించింది. పులుపుకి కళ్ళు మూతలు పడ్డాయి, నీళ్ళు కారాయి. ఆ నీళ్ళు పులుపువే అని ముగ్గురూ ఒప్పేసుకున్నారు. నమిలి, మింగి, చానా రోజుల తర్వాత మొదటిసారి ఒకటి అడిగింది.

"ఉప్పూకారం తేలేదేందే?"

సువార్త ముక్కు తుడుచుకుంటూ బడి ఎదురుగా ఉన్న ఇంటికి పరుగెత్తింది ఉప్పూకారం కోసం. ఆ రోజు కాకులకి ఏమీ దక్కలేదు.

ఒక మామిడికాయతో మనిషి బాగుపడదు. మళ్ళీ మానేసిన రోజులున్నాయి. రెండు ముద్దలు తిని డబ్బా పక్కకి తోసిన రోజులున్నాయి. "తినొద్దులే, మా పక్కన కూర్చో చాలు" అని వదిలేసేవాళ్ళు. ఆ వేసవి, ఆ తర్వాతి వానలు, తొమ్మిదో తరగతి అంతా దాటి పదో తరగతి చలికాలం దాకా పట్టింది హిమజ మునుపటి హిమజ కావటానికి. నాగేంద్రమ్మ మారలేదు. పోయేదాకా అదే మాట మీద ఉంది. మనవరాలు మాత్రం దేవుడి గదిలోకి పోవటం తనంతట తనే మానుకుంది.

కృపామణి ఇంటర్ చదివి, డిగ్రీ మధ్యలో వదిలి, కండక్టరు పరీక్ష రాసి ఖాకీ చొక్కా వేసుకుంది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే డేవిడ్‌ని చేసుకుంది. సువార్త గుంటూరులో నర్సు అయింది. హిమజ మాచర్లలో పుస్తకాల కొట్టు నడుపుతుంది. కృపామణి పెళ్ళిలో, భోజనాల బంతిలో, హిమజ ఆమె చెవిలో ఒక మాట చెప్పింది. "ఆ ఏడు నాకు బతకాలని లేదే. మీరిద్దరూ పొద్దున బస్సు దిగుతారు గదా, అది చూసి పోదాంలే అనుకొని బడికి వచ్చేదాన్ని. రోజూ అట్టాగే." పెళ్ళికూతురు పట్టుచీర కొంగుతో మొహం కప్పుకొని ఏడుస్తుంటే, అత్తగారింటికి పోవాలని బెంగేమో అనుకున్నారు చుట్టాలు.

*

అందుకే ఆ కార్తీకమాసంలో కృపామణి 'మొక్కు' అనే మాట నమ్మలేదు. మర్నాడు సాయంత్రం రెంటచింతలలో జాహ్నవి దిగాక, కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. స్టాపు దగ్గర వీధికుక్కలు తోకలూపుకుంటూ ఆ పిల్ల చుట్టూ చేరాయి. ఎప్పటి నుంచో ఎరిగినట్టు. మిగతా పిల్లలు మలుపు తిరిగేదాకా ఆగి, జాహ్నవి వంగి, డబ్బా మూత తీసి, మొత్తం వాటి ముందు బోర్లించింది.

అప్పుడు కాకులు. ఇప్పుడు కుక్కలు.

జాహ్నవిని అడిగింది. "ఆకలి లేదాంటీ" అంది, ఆ పైన పెదవి విప్పలేదు. ఇంక అడిగితే బస్సే మార్చేస్తుందని భయపడి ఊరుకుంది. ఏంజెల్‌ని పట్టుకుంది. గురజాలలో బస్సు ఆగినప్పుడు, "ఏమే, నా నడక బాగా నడుస్తావంటగా, ఇట్రా" అని పక్కకి పిలిచింది.

ఏంజెల్ కొంచెం జంకి, వెంటనే గడ్డం ఎత్తింది. "ఊరికే నవ్వులకాంటీ."

"నన్ను చూసి నవ్వు, తప్పు లేదు. జాహ్నవిని ఎందుకే వదిలేశారు?"

"ఆమే వదిలేసింది."

"అబద్ధం ఆడమాక."

పిల్ల మొహం ఎర్రబడింది. మొత్తం బయటికొచ్చింది. గుంపంతా బస్సు వెనక సీట్లో డాన్సు చేసి రీలు తీసి పెట్టారు. చానామంది చూశారు. జాహ్నవి నాన్నకి రెంటచింతలలో ఎరువుల కొట్టు ఉంది, ఆయన కంటపడింది. ఆయన ఏంజెల్ వాళ్ళమ్మకి ఫోను చేశాడు.

"ఏమన్నాడో తెలుసాంటీ? మీ పేట పద్ధతులు మా పిల్లకి నేర్పొద్దు, మీలాంటోళ్ళతో మాకు సావాసం ఏంది అన్నాడు. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. ఆ రోజు అన్నం కూడా తినలా. రీలు తీసేశా. గ్రూపులోంచి జాహ్నవిని కూడా తీసేశా. తియ్యకుండా ఎట్టా ఉంటా?"

ఈ పిల్ల తప్పేముంది? తన చేతిలో మామిడికాయ ఉన్న రోజు తనకి వచ్చిన కోపమే ఇది. "ఆ మాట అన్నది జాహ్నవా?"

"వాళ్ళ నాన్న."

"జాహ్నవికి తెలుసా?"

ఏంజెల్ ఆగింది. "తెలవదేమో. నేను చెప్పలా."

"నువ్వు చెప్పవు, ఆమె అడగదు. ఆమె అన్నం కుక్కలకి పోస్తంది, తెలుసా?"

తెలియదని ఆ పిల్ల కళ్ళే చెప్పాయి. ముబారక్ హారన్ కొట్టాడు. మాట అక్కడే ఆగింది.

ఇంటికెళ్ళాక హిమజకి ఫోను చేసి అంతా చెప్పింది.

"నేనేం చెయ్యాలే? నాకు మాటలు రావు. కండక్టరుని, కసిరే మాటలు తప్ప."

"అప్పుడు నువ్వు నాకేం చెప్పావే? ఏం చెప్పలా. పక్కన కూర్చున్నావు. ఇప్పుడు నువ్వు పెద్దదానివి, నువ్వు కూర్చుంటే కుదరదు. ఆ ఏంజెల్ కూర్చోవాలి. బస్సులో సీట్లు నీ చేతిలో లేవా?" అని, "వాళ్ళ నాన్న సంగతి నాకొదిలెయ్. మావాళ్ళ మాట మావాళ్ళే అడగాలి" అంది.

ఆదివారం హిమజ స్కూటీ వేసుకొని రెంటచింతల ఎరువుల కొట్టుకి పోయింది. ఆయన మొదట కుర్చీ వేశాడు. సంగతి విన్నాక, "మా ఇంటి సంగతి మీకెందుకమ్మా?" అన్నాడు.

"ఇట్టాంటి ఇంట్లోనే పెరిగాను గనక అన్నయ్యా. మా నాయనమ్మ ఒక మాట అన్నది, మీరన్న లాంటి మాటే. దానికి నేను చావు దాకా పోయొచ్చాను. మీకు పిల్ల కావాలా, మాట కావాలా? సోమవారం సాయంత్రం పాప డబ్బా ఎక్కడ ఖాళీ అవుతుందో స్టాపు దగ్గరికొచ్చి మీ కళ్ళతో మీరే చూసుకోండి."

ఆయన రాలేదు. లోపల గుమ్మం దగ్గర నిలబడి వింటున్న జాహ్నవి తల్లి మాత్రం సోమవారం స్టాపు దగ్గరికి వచ్చింది. చూసింది. ఆ వారమే పాపని నరసరావుపేటలో మనసుకి వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తాయెత్తు కట్టించలేదు. ఇరవై ఏళ్ళలో అంత మాత్రం ముందుకు జరిగాం.

నాన్న ఏమన్నాడో జాహ్నవికి ఇంట్లోనే తెలిసింది. మర్నాడు బస్సెక్కి, కమ్మీ పట్టుకొని, నేరుగా వెనక్కి చూస్తూ నిలబడింది. వెళ్ళే ధైర్యం మాత్రం లేదు. వెనక ఏంజెల్ కూడా ఇటే చూస్తోంది. ఆ పిల్లకీ లేదు.

పదిహేనేళ్ళ అభిమానం ఎంత మొండిదో కృపామణికి తెలుసు. సాయంత్రం గురజాలలో తన కండక్టరు సీటు ఖాళీ చేసి, జాహ్నవిని కూర్చోబెట్టింది. తర్వాత బస్సంతా వినపడేట్టు అరిచింది.

"ఏయ్ ఏంజెల్! వెనక తలుపు దగ్గర వేలాడమాక. ఇటొచ్చి ఈ సీట్లో కూకో!"

"నేను నిలబడతాలే ఆంటీ."

"దిగి నడిచొస్తావా, కూకుంటావా?"

"అమ్మాయ్, కండక్టరమ్మతో పెట్టుకోమాక. నన్నే ఎన్నోసార్లు దించేసింది" అన్నాడు ముబారక్ ముందు నుంచి. బస్సంతా నవ్వింది. ఏంజెల్ వచ్చి అంచున కూర్చుంది, ఒంటికి ఒళ్ళు తగలకుండా.

బస్టాండులో కిటికీ దగ్గరికి జామకాయల అతను వచ్చాడు. కృపామణి ఒక్క కాయే కొన్నది, పెద్దది, ఉప్పూకారం అద్దించి. ఇద్దరి మధ్యా పెట్టింది.

"చాకు లేదు. కాకెంగిలి చేసుకొని తినండి."

"అంటే ఏందాంటీ?" అంది ఏంజెల్.

చెప్పింది. చున్నీ కప్పి ఎట్లా కొరకాలో, అప్పుడు ఎంగిలి ఎందుకు అంటుకోదో మొత్తం చెప్పింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకొని విన్నారు. ముందు పకాలున నవ్వింది ఏంజెలే.

"ఛీ! పొద్దుటి నుంచి వేసుకున్న చున్నీకి ఎంత దుమ్ముంటది? దాని కంటే ఎంగిలే నయం గదాంటీ!"

"యాక్" అంది జాహ్నవి. ఎన్నో రోజుల తర్వాత ఆ గొంతు బస్సులో వినపడింది.

ఏంజెల్ జామకాయ అందుకొని గుడ్డా గిడ్డా లేకుండా కొరికింది. నములుతూనే, అటు కిటికీ వైపు చూస్తూ, కాయని జాహ్నవి చేతిలో పెట్టింది. జాహ్నవి కాసేపు పట్టుకొని కూర్చుంది. బస్సు గురజాల దాటి, మిరపచేల మధ్యకి వచ్చింది.

"మా నాన్న మీ అమ్మని అన్నది నాకు తెలవదే" అంది.

"ఊఁ."

"తెలిస్తే ఊరుకునేదాన్ని కాదు."

"సరే, తిను ముందు. గింజలు నా మీద ఊశావంటే చంపుతా."

జాహ్నవి కొరికింది. నిదానంగా నమిలింది. కృపామణి చూడనట్టు వెనక్కి తిరిగి, టికెట్లు తీసుకోని వాళ్ళని కసురుకుంటూ బస్సు చివరిదాకా పోయింది. కళ్ళు తుడుచుకోవటానికి అక్కడైతే ఎవరూ చూడరు.

రెంటచింతలలో సంచులు అందిస్తున్నప్పుడు కృపామణి జాహ్నవి క్యారేజీ ఎత్తి చూసింది. ఖాళీ కాలేదు. ఇంకా బరువుగానే ఉంది. పొద్దున ఉన్నంత బరువు మాత్రం లేదు.

స్టాపు దగ్గర కుక్కలు తోకలూపుకుంటూ వచ్చాయి. ఏంజెల్ వాటిని అదిలించింది. ఇద్దరూ ఒకళ్ళ సంచి ఒకళ్ళు మార్చి తగిలించుకొని, అది కూడా గమనించకుండా, ఏదో వాదించుకుంటూ నడిచిపోయారు. కృపామణి వాళ్ళు మలుపు తిరిగేదాకా విజిల్ ఊదలేదు. ముబారక్ కూడా తొందరపెట్టలేదు.